తగ్గిన బరువు మళ్లీ పెరిగేది పట్టుదల లేకేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మొదటిసారి బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్లకంటే, ఒకసారి బాగా తగ్గి మళ్లీ పెరిగి వచ్చేవాళ్లే ఎక్కువ. ఏం తినాలో, ఎంత నడవాలో వాళ్లకు బాగా తెలుసు. డైటీషియన్‌గా నేను చెప్పబోయేది వాళ్లే ముందు చెప్పేస్తారు. అడిగేది మాత్రం ఒకటే: "మేడమ్, మోటివేషన్ పోయింది. మళ్లీ కాస్త ఎక్కించండి." అది నా చేతిలో లేదంటే కొంచెం నిరాశపడతారు. దాని అవసరం మీరనుకున్నంత లేదంటే అసలు నమ్మరు.

అపోహ: మొదట్లో ఉన్న ఉత్సాహం చివరిదాకా ఉండి ఉంటే బరువు పెరిగేది కాదు

వాస్తవం: అంత ఉత్సాహం ఏళ్ల తరబడి ఎవరికీ ఉండదు. బరువు తగ్గే నెలల్లో దానికి మేత దొరుకుతుంది. వారం వారం మిషన్ మీద అంకె దిగుతుంది, బట్టలు వదులవుతాయి, కనిపించిన ప్రతివాళ్లూ "భలే సన్నబడ్డావే" అంటారు. ఆ తర్వాత అంతే కష్టపడినా అంకె అక్కడే ఉంటుంది. కదలకుండా ఉండటమే గెలుపు, కానీ దాన్ని మెచ్చుకునేవాళ్లు ఉండరు. ఏడాది తిరిగేసరికి మీరు ఒకప్పుడు లావుగా ఉండేవారన్న సంగతే జనం మర్చిపోతారు. ఫలితం కంటికి కనిపించని పని మీద మనసు సడలకుండా ఎలా ఉంటుంది? "నాది ఆరంభశూరత్వం" అని తిట్టుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

మరి నిలబెట్టుకున్నవాళ్లు ఏం చేస్తున్నారు? అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే పరిశోధకులు 1994లో నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, దాన్ని కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్లే ఇందులో చేరాలి. ఇప్పటిదాకా 10 వేల మందికి పైగా చేరారు. ఎలా తగ్గారని అడిగితే తలా ఒక దారి చెబుతారు. ఎలా నిలబెట్టుకున్నారంటే మాత్రం జవాబులు దగ్గరదగ్గరగా ఉంటాయి: రోజుకు సుమారు గంటసేపు వ్యాయామం, వారానికి ఒకసారైనా బరువు చూసుకోవడం, సెలవు రోజైనా పని రోజైనా దాదాపు ఒకేలా తినడం. వీళ్లంతా తమంతట తామే ముందుకొచ్చి చేరినవాళ్లు కాబట్టి, ఈ అలవాట్ల వల్లే నిలిచిందని గట్టిగా చెప్పలేం. అయినా నాకు నచ్చేది ఆ జాబితాలోని బోరింగ్‌తనం. అందులో ఉత్సాహంతో చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ఇంకో ఊరటనిచ్చే విషయం, రెండేళ్లు దాటించగలిగినవాళ్లు ఆ తర్వాత కూడా నిలబెట్టుకునే అవకాశం బాగా పెరిగిందని అదే రిజిస్ట్రీలో కనిపించింది.

అందుకే నేను మోటివేషన్ మాటలు పక్కనపెట్టి, చెడ్డ రోజు ప్లాన్ రాయమంటాను. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే నిర్ణయించుకునే పద్ధతి మీద చాలా పని చేశారు. "వర్షం పడితే వాకింగ్ బదులు ఇంట్లోనే పావుగంట మెట్లెక్కుతాను." "ఆఫీసులో లేటయిన రోజు ఏం తినాలా అని ఆలోచించను, ఫలానాదే తింటాను." ఇలాంటి వాక్యాలు నాలుగైదు చాలు. ఓపిక లేని సాయంత్రం కొత్తగా నిర్ణయం తీసుకోమంటే, అది ఎటు పోతుందో అందరికీ తెలిసిందే.

అపోహ: కొన్నాళ్లకు ఒళ్లు కొత్త బరువుకు అలవాటుపడుతుంది, ఇక మామూలుగా తినొచ్చు

వాస్తవం: మామూలుగా అంటే పాత లెక్క ప్రకారం అయితే, పాత బరువే వస్తుంది. తగ్గిన శరీరానికి తక్కువ కేలరీలు చాలు. పైగా ఆ శరీరం ఊరికే కూర్చోదు. కొవ్వు కరిగితే ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి 10 వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, మొదలుపెట్టిన 62 వారాలకు మళ్లీ పరీక్షించారు. అప్పటికీ ఆ హార్మోన్లు పాత స్థాయికి రాలేదు, ఆకలీ మొదటికంటే ఎక్కువగానే ఉంది.

కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో లెక్క వేసింది. తగ్గిన ప్రతి కిలోకు శరీరం ఖర్చు చేసే శక్తి రోజుకు 20-30 కేలరీలు తగ్గితే, ఆకలి మాత్రం రోజుకు 100 కేలరీల దాకా పెరుగుతుందని వాళ్ల అంచనా. అంటే ఎదురు లాగేది ఎక్కువగా ఆకలే. "నా మెటబాలిజం పాడైపోయింది" అని భయపడేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ భయం ఊరికే రాలేదు. ఒక టీవీ పోటీలో భారీగా తగ్గిన 14 మందిని హాల్ బృందం ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, విశ్రాంతిలో వాళ్ల శరీరం ఖర్చు చేసే శక్తి ఉండాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీల వరకు తక్కువగా ఉంది. 2016లో వచ్చిన ఈ వార్త చాలామందిని బెదరగొట్టింది. చాలామంది చదవని సంగతి ఒకటి అందులోనే ఉంది: ఎక్కువ బరువు నిలబెట్టుకున్నవాళ్లలోనే మెటబాలిజం ఎక్కువగా మందగించింది. మందగించినా నిలబెట్టుకోవచ్చన్నమాట.

ఇదంతా చెప్పేది బెంబేలెత్తించడానికి కాదు. తగ్గిన ఏడాదికి కూడా ఆకలి ఎక్కువగా ఉంటే అది మీ బలహీనత అనుకోకండి. కడుపు నిండే ఆహారం, అంటే ప్రొటీన్, పీచు ఎక్కువగా ఉన్నది, తగ్గేటప్పటికంటే తగ్గిన తర్వాత ఇంకా అవసరం. నిద్ర కూడా. తక్కువ నిద్రపోయే 80 మందిలో కొందరి నిద్రను రోజుకు సుమారు గంటకు పైగా పెంచితే, వాళ్లు తీసుకునే కేలరీలు రోజుకు 270 దాకా తగ్గాయని 2022లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. వాళ్లకు ఏ డైట్ చార్టూ ఇవ్వలేదు.

అపోహ: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది

వాస్తవం: ఈ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి పాకింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతుందని ఆయన గమనించారు. "కనీసం" అన్న ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, అలవాటును బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా. మధ్యలో ఒక రోజు మానేసినా పెద్ద తేడా రాలేదు.

అపోహ: ఒక్కరోజు గాడి తప్పితే అంతా పోయినట్టే

వాస్తవం: పోయేది ఆ రోజుతో కాదు, ఆ మర్నాడు "ఎలాగూ పాడైంది కదా, సోమవారం నుంచి చూద్దాం" అనుకోవడంతో. జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ అనే మనస్తత్వవేత్తలు డైటింగ్ చేసేవాళ్లలో ఈ ధోరణిని దశాబ్దాల క్రితమే గుర్తించారు. గీత దాటామనుకున్న మరుక్షణం, డైటింగ్ చేయనివాళ్లకంటే వీళ్లే ఎక్కువ తింటారు.

లెక్క చూస్తే అంత భయం అక్కర్లేదు. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పూటలో ఎవరి వల్లా కాదు. మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తే చాలావరకు అది నీరే. పిండి పదార్థం గ్లైకోజెన్‌గా నిలవైనప్పుడు ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఇంకొంత పట్టి ఉంచుతుంది. తర్వాతి పూట మామూలుగా తింటే చాలు. శిక్షగా ఉపవాసం వద్దు, రెట్టింపు నడకా వద్దు.

అపోహ: బరువు చూసుకుంటూ ఉంటే టెన్షన్ తప్ప లాభం లేదు

వాస్తవం: అంకెను చూసి ఏం చేయాలో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. 2006లో అమెరికాలో రీనా వింగ్ బృందమే 314 మందితో చేసిన పరిశోధనలో తగ్గిన బరువుకు రంగులు పెట్టారు. కిలోన్నర లోపు తేడా ఉంటే ఆకుపచ్చ, ఇలాగే సాగిపొమ్మని. అది దాటితే పసుపు, ఎక్కడ జారుతున్నామో చూసుకోమని. రెండుంపావు కిలోలు దాటితే ఎరుపు, మళ్లీ తగ్గే పద్ధతిలోకి రమ్మని. సాయం అందుకుంటూ రోజూ బరువు చూసుకున్నవాళ్లలో తిరిగి పెరగడం తక్కువగా కనిపించింది. రెండు కిలోలు సరిచేయడం కొన్ని వారాల పని. పన్నెండు కిలోలయ్యాక చూసుకుంటే, ఇందాకటి ఆ పాత మోటివేషన్ వెతుక్కోవాల్సి వస్తుంది.

తిండి విషయంలో తీవ్రమైన అపరాధభావం, తినడం మానేయడం, తిని కక్కుకోవడం వంటి ఇబ్బందులు ఇప్పుడుగానీ గతంలోగానీ ఉన్నవాళ్లు మాత్రం ఈ పద్ధతి జోలికి పోకూడదు. వాళ్లకు మిషన్ ఇంట్లో లేకపోవడమే మేలు.

మిగతావి, క్లుప్తంగా

"వ్యాయామంతో బరువు తగ్గదు కాబట్టి దండగ" అంటారు. తగ్గించడంలో దాని వాటా చిన్నదే. నిలబెట్టడంలో పెద్దది: వారానికి 200-300 నిమిషాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచన.

"ఇంజెక్షన్‌తో తగ్గాను, ఇక ఆపేసినా పర్లేదు" అంటారు. సెమాగ్లుటైడ్ అనే అలాంటి ఇంజెక్షన్ మందు ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆపడం, కొనసాగించడం డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

"సగం మళ్లీ పెరిగింది, అంతా వృథా" అంటారు. అమెరికాలో టైప్ 2 డయాబెటిస్ ఉన్న 5,145 మందితో లుక్ అహెడ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. జీవనశైలి శిక్షణ పొందినవాళ్లు మొదటి ఏడాది సగటున 8.6 శాతం తగ్గారు. ఎనిమిదేళ్లకు 4.7 శాతం దగ్గర ఉన్నారు. కొంత పెరిగింది, నిజమే. అయినా వాళ్లలో సగం మంది ఎనిమిదో ఏట కూడా మొదటి బరువుకంటే కనీసం 5 శాతం తక్కువగా ఉన్నారు. షుగర్, బీపీలో తేడా కనిపించడానికి చాలామందికి 5 శాతం తగ్గినా చాలు.

చివరిగా, అలవాట్లు ఏమీ మారకుండానే బరువు వేగంగా పెరుగుతోందంటే మోటివేషన్‌ను తిట్టుకోవద్దు. థైరాయిడ్ మందగించి ఉండొచ్చు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపేయకండి. ఇలాంటివాళ్లకు నేను డైట్ చార్ట్ రాయను. వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకుని ముందు డాక్టర్‌ని కలిసి రమ్మంటాను.