ఫొటోలో చిరుత ఎక్కడ?

చెట్టుకొమ్మ మీద పడుకున్న చిరుతను ఒకసారి ఫొటో తీశాను. కెమెరాలోంచి చూస్తున్నంతసేపూ నాకు చిరుత తప్ప మరొకటి కనబడలేదు. తీరా కంప్యూటర్‌లో తెరిస్తే తెర నిండా ఆకులు, కొమ్మలు, ఎండ మచ్చలు. వేలు పెట్టి చూపిస్తే గానీ పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని పోల్చుకోలేకపోయారు.

అక్కడ అది చెవి విదిలించింది, తోక ఆడించింది. కదిలేదాన్ని మన కన్ను ఇట్టే పసిగడుతుంది. ఫొటోలో ఆ కదలిక ఉండదు. ఇక మిగిలేవి వెలుగు, రంగు, అంచు. ఆ మూడింటితోనూ చూసేవాళ్లను ఏమార్చేలా తరతరాలుగా రూపుదిద్దుకున్నది చిరుత చర్మం. వన్యప్రాణి ఫొటోను ఎడిట్ చేయడమంటే ఆ దాపరికాన్ని పొరలు పొరలుగా విప్పడమేనని నేననుకుంటాను.

మన చూపులో నిజంగా స్పష్టంగా కనిపించే మేర చాలా చిన్నది. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే ఆ గోరు కప్పేంత. మిగతా దృశ్యాన్ని కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు గెంతుతూ ఏరుకుంటుంది. చుట్టుపక్కలకన్నా తేడాగా ఉన్న చోటికి, అంటే మెరిసే మచ్చకో, విడిగా ఉన్న రంగుకో, పదునైన అంచుకో ముందు వెళ్తుంది. ముఖం దొరికితే కళ్ల దగ్గర ఆగుతుంది. సోవియట్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ చూపు కదిలిన జాడలను గీతలుగా నమోదు చేసినప్పుడు, ముఖాల ఫొటోల మీద ఆ గీతలు కళ్ల దగ్గర, నోటి దగ్గర గుబురుగా చేరాయి. నా ఫొటోలో కుడివైపు పైమూల ఎండ పడ్డ ఆకు ఒకటి చిరుత కంటికన్నా తెల్లగా ఉంది. చూపంతా అటే పోతోంది. ఆ ఒక్క ఆకును నల్లబరిస్తే సగం పని అయిపోయింది.

చాలామంది ముందు జంతువును వెలిగిస్తారు. నేను చుట్టుపక్కల వెలుగు తగ్గిస్తాను. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగం చూసేవాడు. నల్లరంగులో పస లేదని ఫిర్యాదులొస్తే రంగును పరీక్షించాడు. లోపం రంగులో లేదు, దాని పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలవెలబోతోంది. ఈ సంగతుల మీద ఆయన పుస్తకం 1839లో వచ్చింది. కన్ను ఏ రంగునైనా పక్కదానితో పోల్చే చూస్తుంది. నేపథ్యం కాస్త దిగితే చిరుత దానంతటదే పైకి తేలుతుంది. మాస్క్ (మార్పు ఫొటోలో ఎంతమేర పడాలో గీసుకునే హద్దు) అంచు మెత్తగా ఉండాలి, లేకపోతే జంతువు చుట్టూ వెలుగు వలయం ఏర్పడి కృతకంగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది షాడోస్ స్లైడర్, అంటే ఎడిటింగ్‌లో నీడ పడ్డ చోట్ల వెలుగు పెంచే మీట. చాలా జంతువుల వీపు ముదురు, పొట్ట తెలుపు. పైనుంచి ఎండ పడితే వీపు వెలుగుతుంది, పొట్ట నీడలో ఉంటుంది. ఒళ్లు గుండ్రంగా ఉందని మనకు తెలిసేది ఆ తేడా వల్లే. ముదురు వీపు, తెల్ల పొట్ట కలిసి ఆ తేడాను కొట్టేస్తాయి. జంతువు అట్టముక్కలా చదునైపోయి నేపథ్యంలో కలిసిపోతుంది. అమెరికన్ చిత్రకారుడు ఏబట్ థేయర్ 1896లో దీన్ని వివరించాడు. అలాంటి జంతువు పొట్ట కింది నీడను స్లైడర్‌తో తేల్చేస్తే మనం చేసేదేమిటి? దాక్కోవడానికి దానికి సాయం చేస్తున్నాం! ఆ నీడను ఉంచితేనే ఒంటికి గుండ్రదనం వస్తుంది. ఫొటో అంతటికీ షార్ప్‌నెస్ పెంచినా అదే తప్పు. మచ్చలతోపాటు ఆకుల అంచులూ పదునెక్కి, చిరుత మళ్లీ మాయమవుతుంది. పదును కంటికి, మీసాలకు, ముఖం మీది వెంట్రుకలకు చాలు.

పులి దగ్గర మాత్రం మనకొక వరముంది. జింకల కంట్లో రంగులు గుర్తించే కోన్ కణాలు రెండు రకాలే కాబట్టి వాటికి నారింజ, ఆకుపచ్చ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మనకు మూడు రకాలున్నాయి, అందుకే పులి నారింజ ఆకుపచ్చలోంచి విడిగా కనిపిస్తుంది. గడ్డిలోని పులి ఫొటోను ఒక్కసారి నలుపుతెలుపులోకి మార్చి చూడండి, చారలు గడ్డి నీడల్లో ఎలా కలిసిపోతాయో! రంగు తేడాయే పులిని పట్టిస్తుంది కాబట్టి నారింజను ఇంకా పెంచను. ఆకుపచ్చ గాఢతను కొద్దిగా తగ్గిస్తాను.

ఇక క్రాప్, అంటే ఫొటో అంచులు కోసేసి కావలసిన భాగమే ఉంచుకోవడం. 6000×4000 పిక్సెళ్ల ఫొటోలో వెడల్పు సగం, ఎత్తు సగం ఉంచితే 24 మెగాపిక్సెళ్లలో మిగిలేవి ఆరే. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రిస్తే పది అంగుళాల వెడల్పు వస్తుంది. ఫోనులో చూడటానికి అది ధారాళం, గోడకు పెద్దగా వేలాడదీయాలంటే చాలదు. పైగా క్రాప్ చేసినదాన్ని మొత్తం ఫొటో అంత సైజుకు పెంచి చూస్తే నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు), చెయ్యి వణుకు రెండింతలై కనిపిస్తాయి. జంతువు చూస్తున్న వైపు కాస్త జాగా వదలాలి, పాదాల దగ్గర, కీళ్ల దగ్గర కోయకూడదు.

మొదట చిరుత ముఖం వరకే క్రాప్ చేశాను. బాగానే ఉంది గానీ అది ఎక్కడుందో తెలియలేదు, జూలో తీసిన ఫొటో అన్నా నమ్ముతారు. క్రాప్ వెనక్కి తీసి కొమ్మను, కిందికి వేలాడే తోకను ఉంచాను. ముక్కు మీదుగా ఒక పుల్ల అడ్డంగా పోతోంది. రెండు క్లిక్కులతో చెరిపేయొచ్చు. కానీ ఆ పుల్ల అక్కడ ఉంది, చిరుత దాని వెనకనుంచే నన్ను చూసింది. చెరపలేదు, వెలుగు మాత్రం తగ్గించాను. ఇప్పుడు చూసినవాళ్ల చూపు ముందు కంటి మీద పడుతోంది, తర్వాత తోక మీద, ఆకుల మీద ఆ తర్వాతే.