ఫైబర్ కాంపోజిట్స్‌కి పగులు లెక్కలు ఎందుకు అంత తేలిగ్గా అతకలేదు

ఫ్రాక్చర్ మెకానిక్స్, అంటే పగుళ్ల శాస్త్రం, దాని చరిత్రలో ఒక తమాషా ఉంది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో గ్రిఫిత్ అనే ఇంజనీర్ 1921లో వేసిన పేపర్లో, పగులు పెరగాలంటే కొత్త ఉపరితలానికి కావాల్సిన ఎనర్జీ ఆ వస్తువులో దాగున్న ఎనర్జీ నుంచే రావాలి అని తేల్చాడు, దాంతోపాటే గాజుని సన్నటి దారంగా లాగేకొద్దీ బలం పెరుగుతుందని కొలిచి మరీ చూపించాడు. అంటే ఇవాళ్టి ఫైబర్ కాంపోజిట్స్‌కి (సన్నటి ఫైబర్లని రెసిన్ అనే జిగురులాంటి పదార్థంలో కూర్చి చేసేవి) మూలం, పగులు సిద్ధాంతానికి మూలం రెండూ ఒకే పేపర్లో ఉన్నాయన్నమాట. 1960ల్లో గట్టి కార్బన్ ఫైబర్ తయారుచేసే పద్ధతి కూడా ఆ ఫార్న్‌బరోలోనే దొరికింది. అయినా ఈ రెండిటికీ పొత్తు కుదరడానికి చాలా టైమ్ పట్టింది.

ఎందుకంటే 1957లో అమెరికా నేవీ ల్యాబ్‌లో ఇర్విన్ తెచ్చిన 'కె' ఫ్యాక్టర్ లెక్క, అంటే పగులు కొస దగ్గర స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) ఎంత తీవ్రంగా ఉందో చెప్పే లెక్క, మెటల్స్‌ని చూసి కట్టింది. అది పనిచేయాలంటే పగులు తిన్నగా ముందుకే పోవాలి, దాని కొస దగ్గర పాడయ్యే భాగం చాలా చిన్నదై ఉండాలి. కాంపోజిట్‌లో ఫైబర్లకి అడ్డంగా గాటు పెట్టి లాగి చూడండి, అది ముందుకు పోకుండా పక్కకి తిరిగి ఎండు కట్టె చీలినట్టు ఫైబర్ వెంట రెసిన్‌ని చీల్చుకుంటూ పోతుంది, ఇక అక్కడ 'కె' అంటే ఏంటి చెప్పండి?

1967లో ఎడ్వర్డ్ వు అనే పరిశోధకుడు తెలివిగా సులువైన కేసు పట్టుకున్నాడు. ఒకే దిశలో గ్లాస్ ఫైబర్లున్న పలక, అందులో ఫైబర్ వెంటే పగులు. పగులు దారి ముందే తెలుసు కాబట్టి లెక్క బాగానే కుదిరింది. రకరకాల దిశల్లో పొరలు పేర్చిన లామినేట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కుదరలేదు. అందులో పెద్ద రంధ్రం ఉన్న ముక్క చిన్న రంధ్రం ఉన్నదానికన్నా తక్కువ లోడ్‌కే తెగేది, మామూలు స్ట్రెస్ లెక్క ప్రకారమైతే రెండిటి అంచు దగ్గరా స్ట్రెస్ ఒకటే. 1971లో వాడప్స్ బృందం రంధ్రం అంచున ఊహాజనిత పగులు ఒకటి ఉందనుకుని లెక్క సరిపెట్టింది, 1974లో విట్నీ, న్యూయిస్మర్ అసలు పగులే వద్దని అంచు నుంచి కొంత దూరం వరకు సగటు స్ట్రెస్ చూస్తే చాలన్నారు. ఆ దూరం సుమారు 3.8 మిల్లీమీటర్లు, టెస్టులకి సరిపోయేలా తీసిన నంబరే. నా దృష్టిలో అది సిద్ధాంతం కాదు, సర్దుబాటు. పని మాత్రం చేసింది, ఇప్పటికీ వాడుతున్నారు.

గ్రిఫిత్ ఎనర్జీ లెక్క నిజంగా అతికింది డీలామినేషన్‌లోనే, అంటే పొరలు విడిపోవడం. అక్కడ పగులు రెండు పొరల మధ్యే ఇరుక్కుని ఉంటుంది, వేరే దారి లేదు. 1980ల మొదట్లో నాసా లాంగ్లీలో ఓబ్రయన్ దీన్ని గట్టిగా ముందుకు తీసుకెళ్లాడు. అప్పటి పెళుసు ఎపాక్సీ రెసిన్లతో అతికిన పొరల్ని విడదీయడానికి చదరపు మీటరుకి సుమారు 100 జూల్స్ చాలు, మెటల్స్‌తో పోలిస్తే అదేపాటి!

ఈ విడిపోవడాన్ని కొలిచే టెస్టుకి 1994లో ఏఎస్‌టీఎమ్ (టెస్టు పద్ధతుల్ని ఖరారు చేసే అమెరికా సంస్థ) డి5528 స్టాండర్డ్ వచ్చింది. ముక్క ఒక చివర, మందానికి సరిగ్గా మధ్యలో, 13 మైక్రాన్లకి మించని పల్చటి ఫిల్మ్ పెట్టి, ఆ చివర నుంచి రెండు సగాల్ని విడదీస్తారు. ఇక్కడా ఒక తిరకాసుంది, పగులు పెరిగేకొద్దీ కొన్ని ఫైబర్లు అటూ ఇటూ వంతెనలా పట్టుకుని టఫ్‌నెస్‌ని (పగులుని తట్టుకునే శక్తిని) ఎక్కువ చేసి చూపిస్తాయి, వేరే వేరే దిశల పొరలున్న అసలు పార్ట్‌లో ఆ పట్టు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, అందుకే జాగ్రత్తగా ఉండే డిజైనర్లు పగులు మొదలైనప్పటి విలువనే తీసుకుంటారు.