ఒక చుట్టు తిరిగి పైగాలిని కొలిచే రాడార్

ఒక పాఠకుడు అడిగారు: "డాప్లర్ రాడార్ తనవైపు వచ్చే వేగాన్నో, తన నుంచి దూరంగా పోయే వేగాన్నో మాత్రమే చూస్తుందంటారు. మరి కిలోమీటరు ఎత్తున గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో ఎలా చెప్తున్నారు?" అనుమానం న్యాయమైనదే. అడ్డంగా పోయే గాలి రాడార్‌కి నిజంగానే కనిపించదు.

డాప్లర్ అనగానే పాఠాలన్నీ రైలు కూత దగ్గరికి పోతాయి: రైలు దగ్గరికొస్తుంటే కూత పౌనఃపున్యం పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. ఇక్కడ ఆ కూత పెద్దగా పనికిరాదు. 10 సెంటీమీటర్ల తరంగం వాడే రాడార్‌లో సెకనుకు 25 మీటర్ల గాలి పౌనఃపున్యంలో తెచ్చే తేడా 500 హెర్ట్జ్, అసలు పౌనఃపున్యమేమో దాదాపు 300 కోట్ల హెర్ట్జ్. కాసిన్ని మైక్రోసెకన్లలో ముగిసిపోయే ఒక్క పల్స్‌లో అంత చిన్న తేడా దొరకదు. అందుకే తిరిగొచ్చిన ఒక పల్స్ ఫేజ్‌ని, అంటే తరంగం తన ఊపులో ఏ దశలో ఉందన్నదాన్ని, తర్వాతి పల్స్ ఫేజ్‌తో పోలుస్తారు. సెకనుకు వెయ్యి పల్స్‌లు వెళ్తున్నాయనుకోండి. రాడార్‌కి ప్రతిధ్వని పంపేది గాలితో కొట్టుకొచ్చే వాన చినుకు. సెకనుకు 10 మీటర్ల వేగంతో దగ్గరికొస్తున్న చినుకు రెండు పల్స్‌ల మధ్యలో ఒక సెంటీమీటరు జరుగుతుంది, తరంగం పోయి వచ్చే దారి రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది, ఫేజ్ 72 డిగ్రీలు మారుతుంది. వేగం బాగా పెరిగి ఈ మార్పు 180 డిగ్రీలకు మించితే మాత్రం చినుకు వస్తోందో పోతోందో తేల్చడం కష్టం.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. యాంటెన్నాని ఒక డిగ్రీ పైకెత్తి ఒక చుట్టు తిప్పి, 60 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన వేగాలను మాత్రమే తీసుకోండి. భూమి వంపు కూడా కలుపుకుంటే అవన్నీ సుమారు కిలోమీటరుంపావు ఎత్తులో, ఒకే వలయం మీద ఉంటాయి. అక్కడ పడమటి గాలి సెకనుకు 20 మీటర్లతో వీస్తోందనుకుందాం. పడమర చూసినప్పుడు 20 మీటర్లతో దగ్గరికొస్తున్నట్టు, తూర్పు చూసినప్పుడు అంతే వేగంతో దూరంగా పోతున్నట్టు, ఉత్తర దక్షిణాల్లో సున్నా. మధ్య దిక్కులు కూడా కలిపి గ్రాఫ్ గీస్తే చక్కటి సైన్ వక్రం! దాని ఎత్తు గాలి వేగం, అది ఏ దిక్కు దగ్గర పతాక స్థాయికి చేరిందన్నది గాలి దిశ. సైన్, కొసైన్లు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకి టీచర్లు మొదట ఈ గ్రాఫే చూపించాలని నా గట్టి అభిప్రాయం.

వలయం నిండా వాన ఉండక్కర్లేదు. గ్రాఫ్ మీద అక్కడక్కడా చుక్కలు దొరికినా, వాటికి వీలైనంత దగ్గరగా పోయే వక్రాన్ని వెతికే కనిష్ఠ వర్గాల పద్ధతితో వక్రాన్ని అమర్చేయొచ్చు. చుక్కలు వక్రానికి దూరంగా చెదిరి ఉంటే, ఆ వలయంలో గాలి ఒకే తీరుగా లేదని అర్థం, తుపాను దగ్గరుంటే ఇలాగే అవుతుంది. వక్రం మొత్తంగా సున్నా నుంచి పైకో కిందికో జరిగిందంటే అందులో రెండు కలిసి ఉంటాయి: చినుకులు పడే వేగం, వలయంలోకి గాలి ఎంత చేరుతోంది, ఎంత బయటికి పోతోంది అన్న లెక్క. ఒక డిగ్రీ కోణంలో మొదటిది సెకనుకు పావు మీటరు కూడా రాదు, కాబట్టి మిగిలేది దాదాపుగా రెండోదే. శాస్త్రవేత్తలు లెర్మిట్, అట్లాస్ 1961లో ఈ పద్ధతిని గాలిని కొలవడానికి వాడితే, బ్రౌనింగ్, వెక్స్‌లర్ 1968లో ఇలాంటి అదనపు వివరాలు కూడా రాబట్టవచ్చని చూపించారు.

దూరాన్నో కోణాన్నో మార్చితే ఎత్తు మారుతుంది, అలా మెట్టుమెట్టుగా పై గాలులన్నీ వస్తాయి. పై గాలులను కొలిచే వాతావరణ బెలూన్లు సాధారణంగా రోజుకు రెండుసార్లే ఎగురుతాయి, రాడార్ కొద్ది నిమిషాలకోసారి ఈ పని చేసేస్తుంది.

వాన లేనప్పుడు గాలిలో కొట్టుకుపోయే పురుగుల నుంచి కూడా ప్రతిధ్వని వస్తుంది. చిక్కంతా వలసపక్షులతోనే. రాత్రిపూట గుంపులుగా, అన్నీ ఒకే దిక్కుకి ఎగురుతాయి కనుక సైన్ వక్రం ఎంతో నున్నగా వస్తుంది, కానీ అందులో పక్షుల సొంత వేగం కలిసిపోయి ఉంటుంది. వక్రాన్ని చూసి దీన్ని పట్టుకోలేం. అడ్డంగా, నిలువుగా కంపించే రెండు తరంగాలను పంపే రాడార్లయితే ఆ రెండింటి ప్రతిధ్వనుల మధ్య పోలికను చూస్తాయి: వాన చినుకులకి అది దాదాపు 1 ఉంటుంది, పక్షులకి బాగా పడిపోతుంది.