అపోహలు - వాస్తవాలు: "ఆ టీమ్ మన క్వార్టర్‌బ్యాక్ మీద కన్నేసిందట!"

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. టెక్సస్‌లో ఒక కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కు వీడియో పని చూడబట్టి పదకొండేళ్లయింది. మ్యాచ్‌లూ ప్రాక్టీసులూ షూట్ చేయడం, కోచ్‌లకు కావలసిన ముక్కలు కట్ చేసి ఇవ్వడం, ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) స్కౌట్లు, అంటే ఆటగాళ్లను పరిశీలించేవాళ్లు, వస్తే కూర్చోబెట్టి అడిగిన టేప్ పెట్టడం, ఇదీ నా ఉద్యోగం. అందుకే డల్లాస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్ దాకా తెలిసినవాళ్లందరూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "ఫలానా టీమ్ ఫలానా క్యూబీని తీసుకుంటోందట కదా, నిజమేనా?" క్యూబీ అంటే క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరి టీమ్ ఆటను నడిపేవాడు. అడిగేది డ్రాఫ్ట్ గురించి. ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు వంతులవారీగా, రౌండ్ల చొప్పున కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమమిది. ఒక్కో వంతును పిక్ అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: టీమ్ పిలిచి మాట్లాడిందంటే తీసుకోవడం దాదాపు ఖాయమే.

వాస్తవం: కాదు. ముందు ఈ ఒక్కటి బుర్రకెక్కించుకోండి, మిగతావి తరవాత.

పెళ్లిచూపులకు వచ్చి కాఫీ తాగి వెళ్లినవాళ్లంతా వియ్యంకులవుతారా? డ్రాఫ్టుకు ముందు ఒక్కో టీమ్ ముప్పై మంది ఆటగాళ్లను తమ ఊరికి రప్పించుకోవచ్చు. అక్కడ బంతి విసిరించకూడదు, మాటలూ వైద్య పరీక్షలూ మాత్రమే. ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో (ఆటగాళ్లను ఒకచోట చేర్చి పరీక్షించే కార్యక్రమం) ఇంకో 45 మందితో విడిగా ఇంటర్వ్యూలు చేయవచ్చు. 32 టీమ్‌లూ తలా ముప్పై మందిని పిలిస్తే 960 విజిట్లు. 2025 డ్రాఫ్టులో ఉన్న పిక్కులేమో మొత్తం 257. "ఫలానా కుర్రాడు రేపు ఫలానా ఊరు వెళ్తున్నాడు" అన్న వార్త నిజమే కావచ్చు. దాన్నుంచి మీరు లాగే అర్థమే తప్పు.

తీసుకునే ఉద్దేశం లేకుండా ఎందుకు పిలుస్తారని అడుగుతారు. నేను కళ్లారా చూసిన కారణాలే నాలుగున్నాయి. పాత గాయం ఎంతవరకు మానిందో తమ డాక్టరే చూడాలనుకుంటారు. ఈ కుర్రాడు పక్క టీమ్‌కు పోతే ఏడాదికి రెండుసార్లు ఎదురుపడాలి కాబట్టి ఎలా ఆలోచిస్తాడో ముందే తెలుసుకుంటారు. తమకు ఇతను కావాలన్న భ్రమ కలిగితే, నిజంగా కావలసిన టీమ్ కంగారుపడి పిక్ కొనుక్కోవడానికి బేరానికొస్తుంది. నాలుగోది బయట ఎవరికీ తట్టదు. క్యూబీని కూర్చోబెట్టి అతని తోటి ఆటగాళ్ల గురించి అడుగుతారు.

రెండేళ్ల కిందట మార్చిలో మా ప్రో డే, అంటే స్కౌట్ల ముందు మా ఆటగాళ్లు సత్తా చూపే రోజు. మా క్యూబీ అరవై దాకా త్రోలు వేశాడు. అయిపోయాక ఒక ఎన్ఎఫ్ఎల్ టీమ్ కోచ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఎవరో దూరం నుంచి ఫోటో తీశారు. టోపీ మీద టీమ్ గుర్తు స్పష్టంగా కనబడుతోంది. సాయంత్రానికల్లా "ఆ టీమ్ మనవాడి మీద మనసు పారేసుకుంది" అని ఊరంతా పాకిపోయింది.

ఆ నాలుగు నిమిషాలూ నా కెమెరాలో మాటలతో సహా ఉన్నాయి. ఆ కోచ్ అడిగింది: "మీ లెఫ్ట్ ట్యాకిల్ మోకాలు ఇప్పుడెలా ఉంది? బ్లిట్జ్ (ఎదుటివాళ్లు ఒక్కసారిగా క్యూబీ మీదికి రావడం) కనబడితే నువ్వు చెప్పకముందే గుర్తుపడతాడా? ప్రాక్టీసుకు టైమ్‌కు వస్తాడా అతను?" మొదటి నుంచి చివరి దాకా ట్యాకిల్ గురించే, అంటే క్యూబీకి కాపు కాసే ఆటగాడి గురించే. మా క్యూబీ గురించి అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. వెళ్తూ వెళ్తూ "బాగా వేశావు" అన్నాడు, అంతే.

ఆ రాత్రి ఆ కుర్రాడి తల్లి ఫోన్ చేశారు. చుట్టాలందరికీ ఆ టీమ్ టోపీలు పన్నెండు ఆర్డర్ పెట్టారట. "నిజమే కదా?" అని అడుగుతుంటే ఆవిడ గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువ వినబడింది. పదేళ్లుగా తెల్లవారుజామున లేచి కొడుకును ప్రాక్టీసుకు దింపిన మనిషి. కోచ్ ఏం మాట్లాడాడో నేను బయటపెట్టకూడదు. "అమ్మా, ఆ ఫోటోను లెక్కలోకి తీసుకోకండి, ఎవరికీ ఏమీ చెప్పకండి" అని మాత్రం అనగలిగాను. ఇలాంటి తల్లిదండ్రుల మీద నాకు కోపం ఎప్పుడూ రాదు. ఆ ఫోటోకు కథ అల్లినవాళ్ల మీదే వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆసక్తి ఉందంటారే గానీ ఏ రౌండ్‌లో అన్నది ఎవరూ చెప్పరు. అసలు విషయం అక్కడే ఉంది. స్థలం నచ్చడం వేరు, గజానికి ఇంత పెట్టి కొనడం వేరు. మూడో రౌండ్‌లో దొరికితే సంతోషంగా తీసుకునే టీమ్, మొదటి రౌండ్‌లో అదే కుర్రాడి వంక తిరిగి కూడా చూడదు. రెండు సందర్భాల్లోనూ "ఆసక్తి ఉంది" అన్నది అబద్ధం కాదు. ఏజెంట్లు పట్టుకునేది ఈ సందునే. కంబైన్‌లో పావుగంట ఇంటర్వ్యూ అయితే చాలు, "చాలా టీమ్‌లు అడుగుతున్నాయి" అని విలేకరికి చేరుతుంది. తమ ఆటగాడి గిరాకీ పెంచుకోవడం ఏజెంట్ పని, దాన్ని తప్పుపట్టను. దాన్ని టీమ్ నిర్ణయంలాగా చదవడమే తప్పు.

పెద్ద ఉదాహరణలు చూడండి. 2021లో ఫోర్టీనైనర్స్ మూడో పిక్ కోసం డాల్ఫిన్స్‌కు మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులు, పైగా ఒక థర్డ్ రౌండ్ పిక్ ఇచ్చింది. ఆ రోజు నుంచి డ్రాఫ్ట్ రాత్రి దాకా ఎక్కడ చూసినా మ్యాక్ జోన్స్ అనే క్యూబీ పేరే. తీసుకున్నది ట్రే లాన్స్‌ను. జోన్స్ పదిహేనో పిక్‌గా పేట్రియట్స్‌కు వెళ్లాడు. 2018లో బ్రౌన్స్ మొదటి పిక్ శామ్ డార్నాల్డా, జోష్ అలెనా అని వారాల తరబడి కొట్టుకున్నారు. పేరు పిలిచేసరికి బేకర్ మేఫీల్డ్. ఇవి ఎవరూ పట్టించుకోని చిన్న పిక్కులు కావు. దేశంలోని పేరున్న విలేకరులంతా ఒకే గుమ్మం ముందు కాపలా కాసిన పిక్కులు. వాటి సంగతే అలా ఉంటే, పేరు లేని అకౌంట్ నుంచి వచ్చిన మాటకు విలువెంత?

ఈ అపోహకు డబ్బు రూపంలో మూల్యం చెల్లించినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చాలా రాష్ట్రాల్లో స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధమైంది, న్యూజెర్సీ మొదటి వరసలో ఉంది. మా చిన్నాన్న కొడుకు ఎడిసన్‌లో ఉంటాడు. 2023 డ్రాఫ్టుకు ముందు ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, విల్ లెవిస్ ఫస్ట్ పిక్ అట. పాంథర్స్ తీసుకుంటోందని ఇంట్లోవాళ్లకు చెప్పేసుకున్నాడట."

"ఎవరు చెప్పార్రా?"

"రెడిట్‌లో ఎవరో రాశారు. రేటు చూడు, పొద్దున్న ఉన్నది ఇప్పుడు లేదు. లోపల ఏమీ లేకపోతే అంతలా ఎందుకు పడిపోతుంది?"

నిజంగానే రేటు పడిపోయింది. ఆ ఒక్క పోస్టుతో లెవిస్ మీద 40కి 1 (డాలరు పెడితే నలభై లాభం) ఉన్నది 4కి 1 దగ్గరికి వచ్చింది. అది టీమ్ ఆలోచన మారినందుకు కాదు. మా తమ్ముడిలాంటివాళ్లు వేలమంది అదే పోస్టు చదివి డబ్బు పెట్టినందుకు. మనం పెట్టిన డబ్బుతోనే రేటు కదులుతుంది, ఆ కదలికనే మళ్లీ మనం సాక్ష్యం అనుకుంటాం. ఈ ఒక్క ముడి అర్థమైతే ఎంతోమంది జేబులు మిగులుతాయి. వాడు ఫోన్ చేసేటప్పటికే రెండు వేల డాలర్లు పెట్టేశాడు. వేసవిలో బాబాయినీ పిన్నినీ చూడ్డానికి తెనాలి వెళ్లాలని తీసి పెట్టుకున్న టికెట్ల డబ్బది.

పాంథర్స్ బ్రైస్ యంగ్‌ను తీసుకుంది. లెవిస్ ఆ రాత్రంతా కాన్సాస్ సిటీలో గ్రీన్ రూమ్‌లో (పిలుపు కోసం ఆటగాళ్లు వేచి ఉండే గది) కూర్చున్నాడు, కెమెరాలు అతని ముఖం మీద నుంచి కదల్లేదు. మొదటి రౌండ్ ముగిసింది, పేరు పిలవలేదు. మర్నాడు 33వ పిక్‌గా టైటన్స్ తీసుకుంది. మా తమ్ముడు ఆ ఏడాది ఇంటికి వెళ్లలేదు. పిన్ని అడిగితే సెలవు దొరకలేదన్నాడు.

ఆటగాళ్లకు ఇంకా పెద్ద నష్టం ఉంది. ఇంకో ఏడాది కాలేజీలో ఆడగల కుర్రాడు "నీ మీద చాలామంది కన్నుంది" అన్న మాట నమ్మి డ్రాఫ్టుకు పేరు ఇచ్చేస్తాడు. గడువు దాటాక వెనక్కి రావడం కుదరదు. అసలు దీనికోసమే ఎన్ఎఫ్ఎల్‌లో కాలేజ్ అడ్వైజరీ కమిటీ ఉంది. మీవాడు మొదటి రౌండ్ స్థాయా, రెండో రౌండ్ స్థాయా, లేక కాలేజీలోనే ఉండడం మంచిదా, ఈ మూడింట్లో ఒకటి చెబుతుంది. మూడో జవాబు చేతిలో ఉండి కూడా పుకారు నమ్మి వెళ్లిపోయిన పిల్లలను చూశాను. వాళ్ల టేప్ కట్ చేసింది నేనే. దయచేసి కమిటీ కాగితాన్ని నమ్మండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: మాక్ డ్రాఫ్టులన్నీ (ఎవరు ఎవరిని తీసుకుంటారో ముందే రాసే అంచనాలు) ఒకే మాట చెబుతున్నాయంటే లోపలి సమాచారం ఉన్నట్టే.

వాస్తవం: ఒకరిది చూసి ఒకరు రాస్తారు. 2022లో మాలిక్ విల్లిస్‌ను ఫస్ట్ రౌండ్‌లో పెట్టిన మాక్‌లు ఎన్నో. వెళ్లింది మూడో రౌండ్, 86వ పిక్. టీమ్ సొంత బోర్డు, అంటే ఆటగాళ్లకు తాను ఇచ్చుకున్న వరస, ఎవరికీ చూపించదు.

అపోహ: మంచి క్యూబీ ఉన్న టీమ్ ఇంకొకరిని తీసుకోదు.

వాస్తవం: 2024 మార్చిలో ఫాల్కన్స్ క్యూబీ కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆరు వారాలకే ఎనిమిదో పిక్‌తో మైకేల్ పెనిక్స్‌ను తీసుకుంది. 2020లో ఆరన్ రాడ్జర్స్ ఉండగానే ప్యాకర్స్ పైకి ఎగబాకి మరీ జోర్డన్ లవ్‌ను తీసుకుంది. టీమ్‌లు మూడేళ్ల తరవాతి సంగతి చూస్తాయి, మనం సీజన్ మొదలయ్యే సెప్టెంబరు దాకానే చూస్తాం.

అపోహ: కిందికి జారిపోయాడంటే ఏదో పెద్ద తప్పు బయటపడి ఉంటుంది.

వాస్తవం: క్యూబీ అవసరం ఉన్న టీమ్‌లు ఏ ఏడాదైనా కొన్నే. అవి వేరేవాళ్లను తీసుకున్నాయంటే మిగిలినవాడు స్టార్టర్ ధర నుంచి బ్యాకప్ ధరకు ఒక్కసారిగా పడతాడు. 2025లో ఫస్ట్ రౌండ్ అన్న షెడూర్ సాండర్స్ 144వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. తీసుకున్న బ్రౌన్స్ అప్పటికే మూడో రౌండ్‌లో ఇంకో క్యూబీ డిల్లన్ గేబ్రియల్‌ను తీసుకుని ఉంది. మొదటి పిక్ క్యామ్ వార్డ్ ఒప్పందం నాలుగేళ్లకు దాదాపు 4.9 కోట్ల డాలర్లు, సాండర్స్‌ది దాదాపు 46 లక్షలు. అంత ఎదురుచూపులో ఉన్న కుర్రాడికి టీమ్ మేనేజర్‌నంటూ దొంగ ఫోన్ చేసి ఏడిపించారు. ఫోన్ చేసింది ఫాల్కన్స్ డిఫెన్స్ కోచ్ కొడుకు. ఆ టీమ్‌కు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా పడింది. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. వాటా దక్కని పిల్లాణ్ని వేళాకోళం చేయడం ఏ ఆటలో మర్యాద?

మా క్యూబీ సంగతి చెప్పలేదు కదూ. ప్రో డే కంటే అయిదు నెలల ముందు, అక్టోబరులో ఒక మంగళవారం, ఒక స్కౌట్ వచ్చాడు. టోపీ మీద ఏ గుర్తూ లేదు, ఎవరూ ఫోటో తీయలేదు. గెలిచిన మ్యాచ్‌లు వద్దన్నాడు. మేం ఓడిన రెండింటి ఆల్-22 టేప్ (మైదానంలోని 22 మందీ కనబడేది) పెట్టమన్నాడు. మూడు గంటలు రిమోట్ నొక్కుతూ, ఎండ్‌జోన్ కెమెరా కోణంలో ఒకే ప్లేను ఆరేడుసార్లు వెనక్కి తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఇంటర్‌సెప్షన్ పడ్డాక, అంటే విసిరిన బంతిని ఎదుటివాళ్లు పట్టేశాక, తరవాతి ప్లేలో కుర్రాడి కాళ్లెలా కదులుతున్నాయో చూస్తున్నాడు. నోటుబుక్కు మూసి, థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. ఆ టీమ్ పేరు మా వాడితో కలిపి ఒక్క పుకారులోనూ రాలేదు. టోపీలు కొనిపించిన టీమ్ వాణ్ని దాటుకుంటూ పోయింది. డ్రాఫ్టు మూడో రోజు ఆరో రౌండ్‌లో ఫోన్ వచ్చింది. ఆ స్కౌట్ టీమ్ నుంచే.

మర్నాడు వాళ్లమ్మ నాకు మెసేజ్ పెట్టారు. ఆ స్కౌట్ చూసింది ఏ రెండు మ్యాచ్‌లో చెప్పమన్నారు. ఓడిపోయామని అప్పట్లో ఆవిడ ఆ రెండూ మళ్లీ చూడలేదట. టీవీలో వచ్చినవే కాబట్టి రెండూ పంపించాను.