పట్టా మీద పేరు

చి. లహరికి, చి. కార్తీక్‌కి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అక్క కాన్వొకేషన్, అదే పట్టాలిచ్చే స్నాతకోత్సవం, వీడియో చూసి, "అంతమందిలో ఎవరి పట్టా వాళ్లకే ఎలా ఇస్తారు అమ్మమ్మా?" అని అడిగావు కదా లహరీ. ఫోన్‌లో చెబితే సగంలో ఆగిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. నేను ఉద్యోగమంతా చేసింది యూనివర్సిటీ పరీక్షల విభాగంలోనే. మీరు వీడియోలో చూసిన గౌన్లు, ఊరేగింపు, చప్పట్లు అన్నీ కలిపినా రెండు గంటల సంబరం. దాని వెనక పని నెలల తరబడి సాగుతుంది. అందులో ఎక్కువ భాగం పేర్లు సరిచూడటమే.

అన్నిటికన్నా ముందు తేదీ కుదరాలి. మన రాష్ట్రాల్లో చాలా యూనివర్సిటీలకు గవర్నర్ గారే కులపతి, అంటే ఛాన్సలర్. ఆయన వీలు కోసం గవర్నర్ కార్యాలయానికి రాస్తారు. ముఖ్య అతిథికీ ఆ రోజు కుదరాలి. విద్యార్థి అర్హత పొందాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోగా డిగ్రీ ఇవ్వాలని, దేశంలో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2008లో నిబంధన పెట్టింది. అయినా తేదీలు కుదరక రెండు మూడేళ్ల బ్యాచ్‌లకు కలిపి ఒకేసారి జరపడం మనకు కొత్త కాదు. 1918లో మొదలైన ఉస్మానియాకు 2022 ఆగస్టులో జరిగింది 82వ స్నాతకోత్సవం. అంటే ఏటా జరగలేదని మీకే లెక్క తెలుస్తుంది. ఈ ఆలస్యం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. పిల్లలు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో చేరిపోయాక, సెలవు పెట్టుకుని రమ్మంటే ఎంతమంది రాగలరు?

తేదీ ఖాయమయ్యాక నోటిఫికేషన్ ఇచ్చి దరఖాస్తులు తీసుకుంటారు. అక్కడినుంచి మా అసలు పని. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే మాకు ప్రమాణం. మన పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలుసుగా. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకో కాగితంలో పూర్తిగా ఉంటుంది. లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో కొందరు 'ఐ'తో ముగిస్తే కొందరు 'వై'తో ముగిస్తారు. వెంకట పక్కన ఖాళీ ఉందా, కలిపి రాశారా? ఇవన్నీ ఇక్కడ చిన్న విషయాల్లా అనిపిస్తాయి. పాస్‌పోర్టులో ఒకలా, పట్టాలో ఒకలా ఉంటే ఆ పిల్లలు పడే టెన్షన్ చూసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే మేం ఇద్దరిద్దరం కూర్చునేవాళ్లం. ఒకరు పట్టాలో ఉన్నది ఒక్కో అక్షరం పైకి చదివితే, ఇంకొకరు రిజిస్టర్‌లో వేలు పెట్టి చూసేవారు. పేరు, హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు, క్లాసు, పాసైన నెల. మధ్యాహ్నం భోజనమయ్యాక కళ్లు మూతలు పడతాయి కాబట్టి అప్పుడు జతలు మార్చుకునేవాళ్లం. పట్టా కాగితాలకు వరస నంబర్లుంటాయి. ఒక్కటి పాడైనా చించి పారేయడానికి లేదు. రద్దు చేసినట్టు రాసి, లెక్క చూపాలి.

బంగారు పతకాలది ఇంకో కథ. ఎవరో తమ తల్లి పేరునో, గురువు పేరునో యూనివర్సిటీలో కొంత సొమ్ము జమ చేస్తారు. దాని వడ్డీతో ఏటా పతకం చేయిస్తారు. ఎవరికివ్వాలో దాత షరతు రాస్తారు. ఫలానా సబ్జెక్టులో ఫస్ట్ రావాలనో, మొదటి ప్రయత్నంలోనే అన్నీ పాసవ్వాలనో, అమ్మాయికే ఇవ్వాలనో ఉంటుంది. ఇద్దరికి మార్కులు సమానమైతే, ఎప్పుడో రాసిన ఆ పాత పత్రం బయటికి తీసి, అందులో మాట ప్రకారమే తేల్చాలి. దాత బతికి లేకపోయినా ఆయన మాట తప్పకూడదు. ఆ ఫైళ్లు చూస్తున్నంతసేపూ నాకు చాలా గౌరవంగా అనిపించేది.

ఇక నీ ప్రశ్నకు జవాబు. ముందురోజు రిహార్సల్ ఉంటుంది. కుర్చీల వరస, జాబితా వరస, వేదిక మీద ఫోల్డర్ల వరస, మూడూ ఒక్కటే కావాలి. వరసలో ఒక్కరు రాకపోతే వాళ్ల ఫోల్డర్ వెంటనే పక్కకు తీయాలి. లేదంటే ఆ తర్వాత వచ్చే ప్రతి ఒక్కరికీ పక్కవాళ్ల పట్టా అందుతుంది. అందుకని మెట్ల దగ్గర ఒకరు నిలబడి, ఎక్కే ప్రతి మనిషి చేతిలోని చీటీ చూసి పంపుతారు. ఎవరి దృష్టీ పడని ఉద్యోగం అది. ఆ రోజంతటికీ అదే కీలకమని నేననుకుంటాను. కొన్నిచోట్ల ఈ గొడవ లేకుండా వేదిక మీద ఖాళీ ఫోల్డర్ ఇచ్చి, పట్టా తర్వాత కౌంటర్లో ఇస్తారు. పని సులువవుతుంది గానీ, నాకు అది నచ్చదు.

ఊరేగింపులో సాధారణంగా రిజిస్ట్రార్ ముందు నడుస్తారు, కులపతి చివర వస్తారు. కులపతి అనుమతితో సభ మొదలవుతుంది. ఒక్కో విభాగం డీన్ లేచి తమ విద్యార్థులకు డిగ్రీలు ఇవ్వమని కోరతారు. ఇచ్చినట్టు ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన ఎదురుగా ఉన్నవాళ్లకే కాదు, రానివాళ్లకూ వర్తిస్తుంది. వేదిక ఎక్కేది ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లు, పతకాలు వచ్చినవాళ్లు. మిగతా వేలమంది డిగ్రీ హోల్డర్లయ్యేది ఆ ఒక్క వాక్యంతోనే. ఆ గౌన్లకు చేనేత బట్ట వాడమని యూజీసీ 2019లో యూనివర్సిటీలకు చెప్పింది. మన నేతగాళ్లకు పని దొరికే ఆ మాట విని సంతోషించాను.

నాకు మనసొప్పని సంగతి ఒకటుంది. ముందు వరసలన్నీ ప్రముఖులకు పోతాయి. ఊరినుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలు వెనక కూర్చుని, మెడలు చాచి చూస్తుంటారు. కొన్నిసార్లు పాసుల్లేక బయటే ఉండిపోతారు. సీట్ల ప్లాన్ వేసేటప్పుడు వాళ్లకు రెండు వరసలు ఎక్కువ అడగడం మా సెక్షన్లో నా వంతు. దొరికిన ఏడాది దొరికేవి.

సభ ముగిసినా మాకు పని మిగిలే ఉండేది. రానివాళ్ల పట్టాలు కవర్లలో పెట్టి, అడ్రస్ సరిచూసి పోస్టులో పంపాలి. ఇల్లు మారినవాళ్లవి తిరిగొస్తాయి. మళ్లీ ఫోన్లు, మళ్లీ కవర్లు.

కార్తీక్, నువ్వు ఈ ఏడు పదో తరగతి. బడిలో నామినల్ రోల్ మీద, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా మీద, సంతకం పెట్టమంటారు. తొందరపడకు. మీ అమ్మతో కూర్చుని నీ పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం చూసుకో. తేడా ఉంటే హెడ్మాస్టారు గారికి అప్పుడే చెప్పి దిద్దించుకో. ఆ కాగితంలో ఉన్నదే రేపు యూనివర్సిటీలో ఎవరో వేలు పెట్టి చదువుతారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ