ఏడేళ్ళకొకసారి తలుపు తట్టిన మనిషి

చిట్టితల్లికి, బుజ్జిబాబుకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను తల్లీ. అమ్మ పక్కన కూర్చుని ఏదో బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం చూశానన్నావు. నలుపు తెలుపు బొమ్మలో ఒక పిల్లవాడు గంతులు వేస్తున్నాడట. రెప్ప వేసి తెరిచేలోగా అతని స్థానంలో జుట్టు నెరిసిన మనిషి కూర్చుని మాట్లాడుతున్నాడట. "ఇద్దరూ ఒకరేనట తాతయ్యా! ఆ పిల్లవాడు ఏమవుతాడో వాళ్ళకు ముందే తెలుసా? తెలియకపోతే చిన్నప్పటినుంచీ ఎందుకు తీశారు?" అని అడిగావు. నాలుగు రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఈ ఉత్తరం.

వాళ్ళకు తెలియదమ్మా. ఒక్కరికీ తెలియదు. ఏడేళ్ళ తరువాత మళ్ళీ వస్తామన్న సంగతి కూడా తెలియదు.

1964 మే నెలలో ఇంగ్లండులో గ్రెనాడా అనే టెలివిజన్ సంస్థ 'సెవెన్ అప్' అనే చిత్రం చూపించింది. నిడివి సుమారు 40 నిమిషాలు. ఏడేళ్ళ వయసున్న 14 మంది పిల్లలు అందులో ఉన్నారు. కొందరు లండన్‌లో డబ్బున్న ఇళ్ళ పిల్లలు, కొందరు అదే ఊళ్ళో తూర్పువైపు కూలీనాలీ చేసుకునే వాళ్ళ పిల్లలు, ఇద్దరు అనాథాశ్రమం లాంటి చోట పెరుగుతున్నవాళ్ళు, ఒకడు కొండల మధ్య పల్లెటూరి రైతు కొడుకు. అందరినీ జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళారు, విందు ఇచ్చారు, ఆడుకోనిచ్చారు, ప్రశ్నలు అడిగారు. 2000 సంవత్సరంలో కంపెనీలు నడిపేవాడూ కార్మిక సంఘానికి నాయకుడయ్యేవాడూ ఇప్పుడు ఏడేళ్ళ పిల్లలే, రేపటి ఇంగ్లండును ఈ రోజే చూడండి అన్నది వాళ్ళ ఉద్దేశం. అంతటితో అయిపోవాలి. ఒక్కసారి చూపించే చిత్రమది.

కానీ ఆ పిల్లలను వెతికి ఎంపిక చేసిన వారిలో మైకేల్ ఆప్టెడ్ అనే కుర్రవాడు ఉన్నాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు. 1970లో అతనే దర్శకుడిగా మళ్ళీ ఆ పిల్లల దగ్గరికి వెళ్ళాడు. తరువాత 1977లో వెళ్ళాడు. 1984లో వెళ్ళాడు. ఇలా ఏడేళ్ళకొకసారి, 2019లో వాళ్ళకు అరవై మూడేళ్ళు వచ్చేదాకా తలుపులు తడుతూనే ఉన్నాడు. మధ్యలో పెద్ద పెద్ద సినిమాలు తీశాడు, జేమ్స్ బాండ్ సినిమా కూడా తీశాడు. అయినా ఏడో ఏడు రాగానే ఆ పిల్లల దగ్గరికి తిరిగి వచ్చేవాడు.

ఇక 1964 మే అంటే నాకు బాగా గుర్తు. నాకూ అప్పుడు ఏడేళ్ళే. ఎండాకాలం సెలవులు. ఆ నెల 27న నెహ్రూ గారు పోయారు. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు ఊరంతా నిలబడింది. మా నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని ఏడవడం చూశాను. ఆయన కన్నీళ్ళు చూడటం అదే మొదటిసారి. ఆ రోజు నా ముఖం ఎలా ఉండేదో మాత్రం నాకు తెలియదు. నా మొదటి ఫోటో పదో తరగతి చివర తరగతి మొత్తం కలిసి తీయించుకున్నది. అందుకే ఆ 14 మందినీ చూస్తుంటే నా తోటి పిల్లలను చూస్తున్నట్టు ఉంటుంది. నాతోపాటే వాళ్ళకు మీసాలు వచ్చాయి, నాతోపాటే జుట్టు నెరిసింది.

ఆ సెలవుల్లోనే ఇంకొకటి జరిగింది. బడిలో నా పక్కన కూర్చునే పిల్లవాడు ఎవరి తోటలోనుంచో ఒక మామిడిపండు తెంపుకొచ్చాడు. అడిగి తెచ్చినది కాదు. ఇద్దరం బావి వెనుక కూర్చుని తిన్నాం. అంత తియ్యని పండు మళ్ళీ నేను తినలేదు. టెంక పారేయడానికి మనసు రాక అక్కడే పాతిపెట్టాం. తాతగారు చూసి, "ఏడెనిమిదేళ్ళు ఆగండిరా, కాస్తుంది. కానీ ఇదే తీపి వస్తుందని మాత్రం అనుకోకండి" అన్నారు. నాకు నచ్చలేదు. తియ్యటి పండు టెంక తియ్యటి పండే ఇవ్వాలి కదా!

ఇవ్వదు తల్లీ. అంటు కట్టిన మొక్క వేరు, టెంక మొలిచిన మొక్క వేరు. బంగినపల్లి కొమ్మ తెచ్చి అంటు కడితే బంగినపల్లే కాస్తుంది, మూడు నాలుగేళ్ళలోనే కాస్తుంది. టెంక మొలిస్తే ఆ చెట్టు పుల్లగా కాస్తుందో, పీచు కాయలు కాస్తుందో, తల్లి చెట్టును మించి కాస్తుందో కాసే రోజుదాకా ఎవరూ చెప్పలేరు. నువ్వు చూసిన కార్యక్రమం నాకు ఇలాగే అర్థమయింది.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని మనం అంటాం కదా. వాళ్ళకూ దాదాపు అలాంటి సామెతే ఉంది. ఏడేళ్ళవరకు బిడ్డను నా చేతికి ఇవ్వు, మనిషిని చేసి నీకు చూపిస్తాను అని. ఆ సినిమాకు పునాది ఆ మాటే. అందులో డబ్బున్న ముగ్గురు అబ్బాయిలు ఏడేళ్ళకే ఏ బడిలో చేరతారో, ఏ విశ్వవిద్యాలయానికి వెళ్తారో వరసగా అప్పజెప్పారు. చాలావరకు అలాగే జరిగింది. వాళ్ళు అంటు మొక్కలని నేను అనుకున్నాను. అనాథాశ్రమం లాంటి చోట పెరుగుతున్న పాల్ అనే పిల్లవాణ్ణి విశ్వవిద్యాలయం గురించి అడిగితే, అంటే ఏమిటని ఎదురు అడిగాడు. ఆ రెండు జవాబులూ పక్కపక్కన వింటే నాకు గుండె పట్టేసింది. బిడ్డ తెలివిలో తేడా లేదు, పాతిన నేలలో ఉంది తేడా.

అయితే ఆ ముగ్గురిలో జాన్ అనే ఆయన పెద్దయ్యాక తన బాధ చెప్పుకున్నాడు. అన్నీ పళ్ళెంలో పెట్టి ఇచ్చారని అందరూ అనుకున్నారు, నా తొమ్మిదో ఏట నాన్న పోయాడు, అమ్మ ఉద్యోగం చేసి నన్ను చదివించింది, అది మీకు ఎవరూ చూపించలేదు అని. చూశావా, అంటు మొక్కకు కూడా నీళ్ళు పోసిన చెయ్యి ఒకటి ఉంటుంది. ఏడేళ్ళకొకసారి వెళ్ళి కాయలు లెక్కపెట్టేవారికి ఆ చెయ్యి కనిపించదు.

ఇప్పుడు టోనీ సంగతి చెబుతాను. తూర్పు లండన్ పిల్లవాడు, నిమిషం నిలకడ లేదు. గుర్రప్పందాల్లో స్వారీ చేస్తానన్నాడు. చేశాడు కూడా. కొన్ని పందాలలోనే, కానీ లెస్టర్ పిగ్గాట్ అనే మహా రౌతు పాల్గొన్న పందెంలో తానూ పరుగెత్తాడు. అది చాలు అన్నాడు. తరువాత టాక్సీ నడపాలనుకున్నాడు. లండన్‌లో నల్ల టాక్సీ నడపాలంటే నగరం నడిబొడ్డు నుంచి చుట్టూ ఆరు మైళ్ళలో ఉన్న వేల వీధులన్నీ కంఠస్థం చేయాలి. చేశాడు. ఇరవై ఒకటో ఏట చిత్రం తీస్తున్నప్పుడు దర్శకుడికి ఒక అనుమానం వచ్చింది. ఈ కుర్రవాడు నేరాల్లో దిగి జైలుకు పోతాడని. రేపు పనికివస్తుందని అతన్ని కారు నడిపించుకుంటూ నేరాలకు పేరుపడిన వీధుల్లో తిప్పి చిత్రీకరించాడు. టోనీ జైలుకు పోలేదు. పెళ్ళి చేసుకున్నాడు, టాక్సీ నడిపి పిల్లలను పెంచాడు. నేను తప్పు అనుకున్నానని ఆప్టెడ్ అందరి ముందూ ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళు అలా ఒప్పుకోవడం నేను ఎక్కువగా చూడలేదు.

మామిడిపండు తెచ్చిన నా స్నేహితుణ్ణి కూడా మా మాస్టారు ఒకరు తరగతి అందరి ముందూ "వీడు జైలుకు పోయేవాడు" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. వాడు ఆరో తరగతిలో బడి మానేశాడు. పదో తరగతి ఫోటోలో వాడు లేడు. ఇరవై ఏళ్ళ తరువాత ఒకరోజు బస్టాండులో ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. వాడే. గుర్తుపట్టిన మరుక్షణం నా చెయ్యి జేబులోని డబ్బు మీదకు పోయింది తల్లీ. ఈ మాట మీ నాన్నమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడు చుట్టుపక్కల మూడు ఊళ్ళ బోరు మోటార్లకు వైండింగు చేస్తున్నాడు, రాగితీగ కొనడానికి వచ్చాడు. "మన టెంక కాసిందా?" అని అడిగాడు. కాసింది. పుల్లటి కాయలు, పీచు. అమ్మ ప్రతి ఏడూ వాటితోనే ఆవకాయ పెట్టేది, ఊళ్ళో అడిగి మరీ పట్టుకుపోయేవారు. ఆ సంగతి చెబితే వాడు ఎంత సంతోషించాడో! మాస్టారి మాట నేను ఇరవై ఏళ్ళు మోశాను. వెళ్ళి వాణ్ణి ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

రైతు కొడుకు నిక్ సంగతి కూడా విను. వాళ్ళ ఊళ్ళో అతని ఈడు పిల్లలే లేరు. చంద్రుడి గురించి తెలుసుకోవాలని ఉందన్నాడు. అతను అమెరికా వెళ్ళి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, సూర్యుడిలో పుట్టే శక్తిని భూమి మీద పుట్టించే విద్య మీద పరిశోధన చేశాడు. ఏడేళ్ళప్పుడు ఎవరో నీకు స్నేహితురాలు ఉందా అని అడిగితే, అలాంటి ప్రశ్నలకు నేను జవాబు చెప్పను అన్నాడు. నాకు ఆ 14 మందిలో ఆ మాటే ఎక్కువ ఇష్టం. 2023లో ఆయన పోయారు.

నీల్ గురించి చెప్పడం నాకు కష్టం. లివర్‌పూల్ పిల్లవాడు. నువ్వు చూసినది అతన్నేనేమో, గంతులు వేస్తూ వెళ్ళేది అతనే. వ్యోమగామిని అవుతానన్నాడు. కాకపోతే పర్యాటకుల బస్సు నడుపుతాను, కిటికీలోంచి ఏం చూడాలో అందరికీ చెబుతాను అన్నాడు. ఎంత ముద్దుగా చెప్పాడో! ఇరవై ఎనిమిదో ఏట అతనికి ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. స్కాట్లండ్ కొండల్లో చలిలో ఒంటరిగా తిరుగుతున్నాడు. మనసు బాగుండటం లేదని తానే చెప్పాడు. నలభై రెండో ఏట చూస్తే లండన్‌లోని ఒక పురపాలక ప్రాంతానికి ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు! మధ్యలో ఏం జరిగింది? కొంత తెలుసు. అదే కార్యక్రమంలో ఉన్న బ్రూస్ అనే ఉపాధ్యాయుడు కొన్నాళ్ళు అతనికి తన ఇంట్లో చోటిచ్చాడు. మిగిలినది నేను చెప్పలేను. ఆ గంతులు వేసే పిల్లవాడి సంతోషం ఎక్కడ ఇంకిపోయింది, మళ్ళీ ఏ ఊట నుంచి పైకి వచ్చింది? నా టెంక మామిడి కథ ఇక్కడికి రాదు. ఆ రెండు ముఖాలనూ ఒకదాని తరువాత ఒకటి చూడు, అంతే.

మొక్కకూ మనిషికీ ఇంకో తేడా ఉంది. మొక్క ఎదురు చెప్పదు. వీళ్ళు చెప్పారు. ఒకాయన ఇరవై ఒకటో ఏటి తరువాత మళ్ళీ రానన్నాడు, రాలేదు. జాకీ అనే ఆవిడ నలభై తొమ్మిదో ఏట కెమెరా ముందే దర్శకుణ్ణి నిలదీసింది, నన్ను అడిగే ప్రశ్నలు సరైనవి కావని. ఆవిడ అడగడం న్యాయమే. 14 మందిలో ఆడపిల్లలు నలుగురే. వాళ్ళను ఎక్కువగా అడిగింది ప్రేమ, పెళ్ళి, పిల్లల గురించే. ఆడపిల్లలు ఇంకా ఏమేమి కాగలరో 1964లో వాళ్ళ ఊహకు అందలేదు. అదీ తన తప్పేనని ఆప్టెడ్ తరువాత ఒప్పుకున్నాడు. ఆయన 2021 జనవరిలో కన్నుమూశాడు.

ఇప్పుడు నీకొక పని చెబుతాను. వచ్చే నెల బుజ్జిబాబుకు ఏడేళ్ళు నిండుతాయి. పుట్టినరోజు సందడి అంతా అయ్యాక, సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి అడుగు. పెద్దయ్యాక ఏమవుతావు? దేనికి భయం? ఎవరంటే ఇష్టం? ఫోనులో తీయకు, ఫోను చూస్తే వాడు వేషాలు వేస్తాడు. ఒక పుస్తకంలో వాడి మాటలు వాడు చెప్పినట్టే రాయి. మధ్యలో నవ్వకు, దిద్దకు. చెప్పను అంటే, చెప్పను అన్నాడని తేదీ వేసి రాయి. ఆ పుస్తకం అమ్మ బీరువాలో చీరల కింద దాచమను. నీకు ఇప్పుడు పదకొండు. మళ్ళీ తీసేటప్పటికి నీకు పద్దెనిమిది.

అన్నట్టు, ఏడేళ్ళప్పుడు నేను ఏమవ్వాలనుకున్నానో ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, గమనించావా? ఆదివారం ఫోను చేసినప్పుడు అడుగు.

మీ
తాతయ్య