గ్యాస్ పైప్‌లైన్ లీక్‌ను చప్పుడుతో పట్టడం: అపోహలు – వాస్తవాలు

2014 జూన్ 27 తెల్లవారుజామున, కోనసీమలోని నగరం గ్రామంలో పైప్‌లైన్ నుంచి లీకైన గ్యాస్ ముందు ఊళ్లో పరుచుకుంది. ఆ తర్వాతే అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. లీక్ మొదలవడానికీ నిప్పు తగలడానికీ మధ్య ఉండే ఆ కాస్త సమయం కోసమే మా పని. పైప్‌లైన్లలో చప్పుడు విని లీక్ పట్టే వ్యవస్థలు చూసుకుంటాను. దీని గురించి నాకు తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: లీకైతే వాసన వస్తుంది కదా, సెన్సర్లు దేనికి?

వాస్తవం: సహజవాయువుకు దానంతట దానికి వాసన లేదు. వంటింట్లో వచ్చే ఘాటు వాసన మెర్కాప్టాన్ లాంటి రసాయనం కలపడం వల్ల వచ్చేది. దూరప్రాంతాలకు గ్యాస్ తీసుకెళ్లే పెద్ద లైన్లలో సాధారణంగా అది ఉండదు, సిటీ దగ్గరి స్టేషన్‌లో కలుపుతారు.

అపోహ: లీక్ ఉన్నంతసేపూ సెన్సర్‌కు వినబడుతూనే ఉంటుంది.

వాస్తవం: చదువుకున్న ఇంజనీర్లు కూడా పొరబడేది ఇక్కడే. పైపుకు హఠాత్తుగా చిల్లు పడితే ఆ చోట ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తగ్గుదల ఒక అలలా, పైపులోని గ్యాస్ గుండా రెండు వైపులా పరుగెత్తుతుంది. దాని వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు. దూరంలో ఉన్న సెన్సర్ పట్టేది ఆ అలనే, అది వచ్చేది ఒక్కసారే. ఆ క్షణంలో సెన్సర్ పనిచేయకపోతే మళ్లీ దొరకదు. తుప్పు తినేసి సూదిమొనంత రంధ్రం నెలల తరబడి మెల్లగా పెరిగితే, పట్టుకునేంత అల అసలు పుట్టనే పుట్టదు. గ్యాస్ చిమ్మే బుస్సుమనే శబ్దం ఉంటుంది, నిజమే. కానీ అందులోని సన్నని, హెచ్చు ఫ్రీక్వెన్సీ శబ్దం కొద్ది దూరంలోనే అణిగిపోతుంది. కిలోమీటర్లు పోయేది తక్కువ ఫ్రీక్వెన్సీ అలలే. అందుకే ‘ఏ లీకైనా పట్టేస్తుంది’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లైన్ వెంట నడిచే లైన్ వాకర్లు, మీథేన్ డిటెక్టర్లు, పైపు లోపలే సాగే ‘పిగ్’ అనే పరికరంతో చేసే తనిఖీ, ఇవన్నీ ఉండాల్సిందే.

అపోహ: లీక్ ఎక్కడుందో మీటర్లతో సహా చెప్పేస్తుంది.

వాస్తవం: 30 కిలోమీటర్ల లైన్‌కు రెండు చివర్లా సెన్సర్లు ఉన్నాయనుకోండి. అల మొదటి చివరకు చేరిన 15 సెకన్లకు రెండో చివరకు చేరింది. వేగం 400 మీటర్లయితే, రెండు దూరాల తేడా 6 కిలోమీటర్లు, అంటే లీక్ మొదటి చివరికి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. కానీ గ్యాస్‌లో ధ్వని వేగం దాని మిశ్రమాన్ని, ఉష్ణోగ్రతను, ఒత్తిడిని బట్టి మారుతుంది. అసలు వేగం 420 అయితే లెక్క 150 మీటర్లు తప్పుతుంది. రెండు గడియారాలకు ఒక్క సెకను తేడా ఉన్నా 200 మీటర్లు జరిగినట్టే. అందుకే జీపీఎస్ సమయంతో వాటిని కలిపి ఉంచుతాం. లీక్ సరిగ్గా లైన్ నడిమధ్యలో ఉంటే వేగం తప్పుగా తీసుకున్నా జవాబు మారదు, రెండు అలలూ ఒకేసారి చేరతాయి కాబట్టి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంతో సంతోషం వేసింది.

అపోహ: అలారం మోగిందంటే లీకే.

వాస్తవం: స్టేషన్‌లో వాల్వ్ మూసినా, గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్ ఆగినా అలాంటి అలలే వస్తాయి. ప్రతి చివరా కొంత ఎడంగా రెండేసి సెన్సర్లు పెడితే, అల స్టేషన్ వైపు నుంచి వచ్చిందా లైన్ వైపు నుంచి వచ్చిందా తెలుస్తుంది. ఈ ఖర్చు తగ్గించుకోవద్దని ప్రతిచోటా పట్టుబడతాను. ఒక కంట్రోల్ రూమ్‌లో తప్పుడు అలారాలతో విసిగిన ఆపరేటర్ తెర వైపు చూడకుండానే అలారం ఆపే బటన్ నొక్కేయడం చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అపోహ: ఇంటి గ్యాస్ పైపుకూ ఇదే పరికరం వాడొచ్చు.

వాస్తవం: ఇంటికొచ్చే పైపు గ్యాస్ ఒత్తిడి 21 మిల్లీబార్లే. అంత తక్కువ ఒత్తిడిలో చిన్న లీక్ చేసే చప్పుడు దాదాపు సున్నా. అక్కడ జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు చూడటమే మేలు.

పొలాల్లో పైప్‌లైన్ గుర్తు బోర్డు దగ్గర బుస వినిపిస్తే బండి స్టార్ట్ చేయకండి, అగ్గిపుల్ల గీయకండి. గాలికి ఎదురుగా దూరం నడిచి వెళ్లాక, బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు మీ ఫోన్‌లో ముందే ఉంటే ఇంకా మంచిది.